లండన్ మ్యూజియాలు: మూడు పగళ్లు, ముగ్గురు మనుషులు

ప్రశ్న: మా వారికి ఆఫీసు పని మీద మే నెలాఖరులో లండన్‌లో వారం రోజులు ఉండవలసిన అవసరం వచ్చింది. మేము కూడా వెంట వెళ్లాలనుకుంటున్నాము. టికెట్లు ఇంకా తీసుకోలేదు. వెళ్లేది నేను, పన్నెండేళ్ల మా అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల మా అత్తగారు. అత్తగారు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పి ఉన్నా బ్రిటిష్ మ్యూజియం చూడాలని ఆమెకు ఎంతో కోరిక. అబ్బాయికి యంత్రాలంటే ప్రాణం, పాత రాళ్లంటే ఆవులింత. అక్కడ ఉంటున్న మా వారి స్నేహితులు "అన్నీ ఉచితమే, రోజుకు రెండు చొప్పున చుట్టేయవచ్చు" అంటూ బ్రిటిష్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ మ్యూజియం, సైన్స్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, లండన్ మ్యూజియం, గ్రీనిచ్ అని ఆరు పేర్లు రాసి పంపారు. మాకు మిగిలేది మూడు పగళ్లు. నాకు చరిత్రా తెలియదు, సైన్సూ తెలియదు. వాళ్లిద్దరినీ నేనెలా తిప్పాలి? గాజుపెట్టెల ముందు నిలబడితే నాకేమైనా అర్థమవుతుందా? కోహినూరు కూడా అక్కడే ఉందంటారు, చూడవచ్చా?

సమాధానం: ఉచితమన్న మాట నిజమే. బ్రిటన్‌లోని జాతీయ మ్యూజియాల శాశ్వత ప్రదర్శనలకు 2001 డిసెంబరు నుంచి ప్రవేశ రుసుము లేదు. బ్రిటిష్ మ్యూజియానికైతే దాదాపు మొదటి నుంచీ లేదు. అయితే ఈ సంగతి నుంచి మీ స్నేహితులు తీసిన లెక్క తలకిందులుగా ఉంది. డబ్బు పెట్టి టికెట్టు కొన్న చోట, ఇంత ఖర్చు పెట్టాం గదా అని, చూసే ఓపిక అయిపోయిన తరువాత కూడా కాళ్లీడ్చుకుంటూ తిరుగుతాము. ఉచితంగా చూసే చోట ఆ బెంగ లేదు కాబట్టి, రెండు గంటలు చూసి, చాలనిపించిన క్షణంలో బయటికి వచ్చేయవచ్చు. ఉచితమైనందువల్ల మీకు కలిగే అసలు లాభం ఎక్కువ మ్యూజియాలు చూడగలగడం కాదు, ఒక్కొక్కదానిలో తక్కువ చూసి నిశ్చింతగా వెళ్లిపోగలగడం. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక్క రోజులో మూడింటిని చుట్టాను. మూడవదానిలో ఒక బెంచీ మీద కూర్చుని నిద్రపోయాను. ఆ మ్యూజియంలో ఏమేమి ఉన్నాయని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆ బెంచీ గురించే చెప్పగలను.

టికెట్లు తీసుకోలేదన్నారు కాబట్టి ముందుగా తేదీల సంగతి చెబుతాను. మే నెల చివరి వారం సాధారణంగా ఇంగ్లండు బడులకు హాఫ్ టర్మ్ సెలవులు. ఆ వారంలో దేశం నలుమూలల నుంచీ తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని నేచురల్ హిస్టరీ, సైన్స్ మ్యూజియాలున్న సౌత్ కెన్సింగ్టన్‌కే వస్తారు. డైనోసార్ల గది ముందు వరస ఎంత పొడవుంటుందో, ఆ వరసలో ఎన్ని పిల్లల బండ్లుంటాయో చూసినవారికే తెలుస్తుంది. మీ వారి పని అనుమతిస్తే ప్రయాణాన్ని జూన్ మొదటి వారానికి జరుపుకోండి. కుదరకపోతే ఆ వారంలోనే వెళ్లండి గాని, పిల్లలు ఎక్కువగా వచ్చే ఆ రెండు మ్యూజియాలకూ తలుపులు తెరిచే పది గంటలకల్లా చేరుకోండి. వాటిలోనూ బ్రిటిష్ మ్యూజియంలోనూ ప్రవేశ సమయాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగానే ముందే నమోదు చేసుకోవచ్చు. చేతిలో ఆ నమోదు ఉంటే బయట వరసలో నిలబడే సమయం బాగా తగ్గుతుంది. మీ అత్తగారి మోకాళ్ల దృష్ట్యా అది చిన్న విషయం కాదు.

ఇక ఆరు పేర్లలో మూడింటిని పక్కన పెడదాం. లండన్ నగర చరిత్రను చూపించే లండన్ మ్యూజియం పాత భవనం 2022 డిసెంబరులో మూతపడింది. స్మిత్‌ఫీల్డ్‌లోని పాత మార్కెట్ భవనాల్లోకి మారే పని పెట్టుకున్నారు. డాక్‌ల్యాండ్స్‌లో, పూర్వం చక్కెర నిలవ చేసిన గిడ్డంగిలో దాని శాఖ ఒకటి ఉన్నది. మంచిదే గాని మూడు రోజుల ప్రయాణంలో ఇమడదు. గ్రీనిచ్ అబ్జర్వేటరీకి టికెట్టు కొనాలి, కొండ ఎక్కాలి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ సంగతి తరువాత చెబుతాను. మిగిలిన మూడింటికీ మూడు పగళ్లు సరిపోతాయి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క పూట మాత్రమే. రెండవ పూట పూర్తిగా విశ్రాంతికి వదిలేయండి.

"వాళ్లిద్దరినీ నేనెలా తిప్పాలి" అని అడిగారు. మీరు తిప్పకండి, వాళ్లనే తిప్పనివ్వండి అని నా సలహా. బ్రిటిష్ మ్యూజియంలో మీ అత్తగారు పెద్ద, సైన్స్ మ్యూజియంలో మీ అబ్బాయి పెద్ద. ఏ గదికి వెళ్లాలో, దేని ముందు ఎంతసేపు ఆగాలో ఆ పూటకు వారి ఇష్టం, మిగిలిన ఇద్దరూ వెంట నడవాలి. ప్రయాణానికి ముందే చెరొక నోటు పుస్తకం ఇచ్చి, చెరి ఆరు వస్తువులు ఎంచుకుని వాటి గురించి చదివి రమ్మనండి. ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పిన మనిషికి ఒక్క మనవడికి పాఠం చెప్పడం కష్టం కాదు. ఆవులించే పిల్లవాడు కూడా, రేపు తన వంతు వస్తుందని తెలిస్తే, ఈ రోజు నాయనమ్మ మాట వింటాడు. మీ సంగతికి వస్తే, చరిత్రా సైన్సూ తెలియకపోవడం వల్ల మీకు నష్టమేమీ లేదు. చరిత్ర వస్తువు ముందు నిలబడి "ఇది ఇక్కడికి ఎలా వచ్చింది" అని అడగండి, యంత్రం ముందు నిలబడి "ఇది ఎలా కదులుతుంది" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలు పట్టుకుంటే గాజుపెట్టెల పక్కన అంటించిన కాగితాల్లో సగం చదవనక్కరలేకుండానే అర్థమవుతాయి.

బ్రిటిష్ మ్యూజియానికి మీరు శుక్రవారం వెళ్లండి. మామూలు రోజుల్లో సాయంత్రం అయిదు గంటలకు మూసివేస్తారు గాని, శుక్రవారాలు మాత్రం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంచుతారు. మధ్యాహ్నం మీ అత్తగారు పడుకుని లేచిన తరువాత మూడున్నరకు బయలుదేరితే, బడిపిల్లల గుంపులూ టూరిస్టు బస్సుల గుంపులూ వెళ్లిపోయే వేళకు మీరు లోపల ఉంటారు. రాత్రి దాకా అన్ని గదులూ తెరిచి ఉండవు కాబట్టి తప్పక చూడాలనుకున్నవి అయిదు గంటల లోపు చూసేయండి. పెద్ద ద్వారం దగ్గర మెట్లున్నాయి, వాటి పక్కనే లిఫ్టులూ ఉన్నాయి. గదుల్లో వాడుకోవడానికి మడత స్టూళ్లు పెడతారు. ఒకటి తీసుకుని చంకన పెట్టుకుని తిరగవచ్చు, ఎవరూ ఏమీ అనరు. చక్రాల కుర్చీ కావాలన్నా ఇస్తారు. చక్రాల సూట్‌కేసులను మాత్రం లోపలికి రానివ్వరు.

ఈ మ్యూజియం 1753లో పార్లమెంటు చేసిన చట్టంతో పుట్టింది. హాన్స్ స్లోన్ అనే వైద్యుడు జీవితమంతా కూడబెట్టిన 71,000 వస్తువులు దానికి పునాది. 1759 జనవరి 15న జనం కోసం తలుపులు తెరిచారు. ఇప్పుడు దాదాపు ఎనభై లక్షల వస్తువులున్నాయి. అందులో గదుల్లో పెట్టి చూపించేది నూటికి ఒక వంతు. ఆ ఒక్క వంతును కూడా ఎవరూ ఒక పూటలో చూడలేరు. ఈ లెక్క మీ అత్తగారికి ముందే చెప్పండి. ఏదో చూడకుండా వదిలేశామన్న బాధ ఆమెకు ఉండదు, ఎందుకంటే అందరూ వదిలేస్తున్నారు.

మొదట వెళ్లవలసిన గది 33ఏ. అందరూ మొదట రొసెట్టా రాయి దగ్గరికి పరుగెత్తుతారు గాని, తెలుగువాళ్లు మొదట చూడవలసింది అమరావతి. కృష్ణ ఒడ్డున ఉన్న మహాస్తూపం నుంచి తెచ్చిన పలనాటి సున్నపురాతి శిల్పాలు నూరుకు పైగా ఆ మ్యూజియం దగ్గర ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి గాజు తలుపుల వెనుక, గాలిలో తేమ పెరగకుండా తరగకుండా కాపాడే ప్రత్యేకమైన గదిలో ఉన్నాయి. ఆ గది ఒక్కొక్కసారి మూసి ఉంటుంది. అందుకే బయలుదేరే రోజు ఉదయం మ్యూజియం వెబ్‌సైట్‌లో ఏ గదులు మూసి ఉన్నాయో చూసుకుని వెళ్లండి. వెనుక వైపు మాంటేగ్ ప్లేస్ వీధిలో ఇంకొక ద్వారం ఉన్నది. ఈ గదికి అది దగ్గర దారి.

అక్కడ ఒక పలక ఉంది. రెండు వైపులా చెక్కినది. ఒక వైపు చెక్కడం సుమారు క్రీస్తు పూర్వం ఒకటవ శతాబ్దానిది: బోధి వృక్షం, దాని కింద ఆసనం, చుట్టూ చేతులు జోడించిన మనుషులు. ఆసనం మీద ఎవరూ లేరు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించకుండా, ఆ ఖాళీ ఆసనంతోనే ఆయన ఉన్నాడని చెప్పిన కాలం అది. మూడు వందల ఏళ్లకు పైగా గడిచిన తరువాత అదే పలకను తిప్పి, రెండవ వైపు స్తూపాన్నే చెక్కారు: గుండ్రని అండం, చుట్టూ ప్రాకారం, ద్వారం, పైన ఎగురుతున్న దేవతలు, మధ్యలో నిలబడి ఉన్న బుద్ధుడు. అసలు స్తూపం నేల మీద మిగలలేదు కాబట్టి అది నిలిచి ఉన్న రోజుల్లో ఎలా ఉండేదో మనకు తెలిసేది చాలావరకు ఇలాంటి పలకల నుంచే. మీ అబ్బాయిని ముందు ఒక వైపు, తరువాత రెండవ వైపు నిలబెట్టి "ఏం మారింది" అని మాత్రం అడగమనండి. జవాబు నాయనమ్మ చెప్పనక్కరలేదు, వాడే కనిపెడతాడు.

ఇది ఇక్కడికి ఎలా వచ్చింది? ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ 1797లో ఆ దిబ్బను చూశాడు, 1816లో తిరిగి వచ్చి కొలతలు తీసి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంకొక కంపెనీ అధికారి తవ్వించిన శిల్పాలు మద్రాసుకు చేరి, అక్కడ ఎండకూ వానకూ చాలాకాలం పడి ఉండి, 1859లో ఓడ మీద లండన్‌కు వెళ్లాయి. మొదట ఇండియా మ్యూజియంలో ఉంచారు. దానిని ఎత్తివేసిన తరువాత 1880లో బ్రిటిష్ మ్యూజియానికి అప్పగించారు. మిగిలిన వాటిలో పెద్ద భాగం చెన్నైలోని ఎగ్మోరు మ్యూజియంలో ఉన్నది. ఆ శిల్పాల ముందు నిలబడినప్పుడు సంతోషమూ, ఇవి ఇక్కడెందుకున్నాయన్న కినుకా రెండూ కలుగుతాయి. రెండింటిలో ఏదీ అణచుకోనక్కరలేదు. పిల్లవాడి ముందు ఆ మాట పైకి అనండి. ఏథెన్సులోని ప్రాచీన ఆలయం పార్థెనాన్ శిల్పాలను తిరిగి ఇమ్మని గ్రీసు దేశం ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉంది. అవి 18వ గదిలో ఉన్నాయి, దారిలోనే కాబట్టి పది నిమిషాలు ఆగండి.

రొసెట్టా రాయి 4వ గదిలో ఉంది. దాని ముందు ఎప్పుడూ నాలుగు వరసల జనం, తలల మీదుగా ఎత్తిన ఫోన్లు. ఓపికగా పక్కకు జరిగి రాయి అంచును చూడండి. "1801లో బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో పట్టుకున్నది" అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు మాటలు ఒక పక్కన, మూడవ జార్జి రాజు బహూకరించాడన్న మాటలు ఇంకొక పక్కన తెల్లగా రాసి ఉన్నాయి. ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఆ రాయి మీదనే ఉన్నదన్నమాట. క్రీస్తు పూర్వం 196 నాటి ఒక రాజశాసనాన్ని చిత్రలిపిలోనూ, డెమోటిక్ అనే వాడుక లిపిలోనూ, గ్రీకులోనూ ఒకే రాయి మీద చెక్కారు. 1799లో ఫ్రెంచి సైనికులకు అది దొరికింది. చదవగలిగిన గ్రీకును ఆధారం చేసుకుని, రాజుల పేర్ల చుట్టూ గీసిన గుండ్రని గీతలతో మొదలుపెట్టి, 1822 నాటికి షాంపోలియాన్ అనే ఫ్రెంచి పండితుడు చిత్రలిపి గుట్టు విప్పాడు. యంత్రాల పిచ్చి ఉన్న పిల్లవాడికి ఇది రాజుల కథగా కాకుండా తాళం తీసే కథగా చెబితే చెవులు నిక్కబొడుచుకుని వింటాడు. తాకి చూడాలనిపిస్తే 1వ గదిలో దాని నకలు ఉన్నది, చేతితో తడమవచ్చు. అక్కడ జనం కూడా తక్కువ.

మీ అత్తగారి ఆరింటిలో రెండు మాత్రం అబ్బాయి కోసం పెట్టమనండి. ఒకటి 40వ గదిలోని లూయిస్ చదరంగం బొమ్మలు. స్కాట్లండు పడమటి దీవుల్లో 1831లో బయటపడ్డ, పన్నెండవ శతాబ్దపు వాల్రస్ దంతపు పావులివి. మొత్తం తొంభై మూడింటిలో ఎనభై రెండు ఇక్కడున్నాయి, మిగిలినవి ఎడింబరోలో. ఒక సైనికుడు యుద్ధావేశంలో తన డాలు అంచునే పళ్లతో కొరుకుతుంటాడు, రాణి చెంపకు చెయ్యి ఆనించుకుని దిగులుగా కూర్చుని ఉంటుంది. రెండవది 56వ గదిలో ఉన్న, ఇప్పటి ఇరాక్‌లోని ఊర్ అనే ప్రాచీన నగరపు ఆటపలక. నాలుగున్నర వేల ఏళ్ల నాటిది. చూడగానే మన అష్టాచెమ్మా గుర్తుకు వస్తుంది, ఎందుకంటే అది కూడా వేసిన పందెం మేరకు కాయలను పరుగెత్తించే ఆటే. క్రీస్తు పూర్వం 177 నాటి ఒక మట్టిపలక మీద రాసి ఉన్న ఆట నియమాలను ఆ మ్యూజియంలోనే పనిచేసిన ఇర్వింగ్ ఫింకెల్ చదివి బయటపెట్టారు. ఇది పై అంతస్తులో ఉంది, లిఫ్టు ఎక్కండి. మమ్మీలు 62, 63 గదుల్లో ఉన్నాయి. పిల్లవాడు అడిగితే చూపించండి, అడగకపోతే గుర్తు చేయకండి, ఆ గదుల్లో నిలబడడానికి చోటుండదు.

మీకు గైడు కావాలా అన్న సందేహం వస్తుందేమో. డబ్బిచ్చి పెట్టుకోనక్కరలేదు. స్వచ్ఛందంగా వచ్చే వాళ్లు ఒక్కొక్క గదిని అరగంటో నలభై నిమిషాలో నడిచి చూపించే ఉచిత పర్యటనలు ఆ మ్యూజియంలో పగటిపూట జరుగుతుంటాయి. కాని మీ ఇంట్లోనే ఒక టీచరమ్మ ఉండగా నేనైతే వాటికి పోను.

సైన్స్ మ్యూజియం రోజు కళ్లెం పూర్తిగా మీ అబ్బాయి చేతికివ్వండి. ఆ మ్యూజియమూ, నేచురల్ హిస్టరీ మ్యూజియమూ, విక్టోరియా అండ్ ఆల్బర్టూ సౌత్ కెన్సింగ్టన్‌లో పక్కపక్కనే ఉన్నాయి. 1851లో హైడ్ పార్కులో జరిగిన మహా ప్రదర్శన మిగిల్చిన లాభంతో కొన్న నేల అది. మెట్రో స్టేషను నుంచి మ్యూజియాల దాకా 1885లో తవ్విన సొరంగ మార్గం ఉంది, వానలో హాయిగా ఉంటుంది. అయితే స్టేషనులో మెట్లెక్కాలి, కాబట్టి అత్తగారితో బస్సులో వెళ్లడమే మేలు. లండన్ బస్సుల్లో నోట్లూ చిల్లరా తీసుకోరు, కార్డు ఆనించాలి.

"సైన్స్ మ్యూజియంలో అన్నీ మీటలు నొక్కే బొమ్మలే" అని ఎవరో ఒకరు చెబుతారు. అలా నొక్కే చోటు ఒకటుంది, వండర్‌ల్యాబ్ అంటారు, దానికి మాత్రం టికెట్టు కొనాలి. మీ అబ్బాయికి పన్నెండేళ్లు కాబట్టి దానికంటే అసలైన యంత్రాలే నచ్చుతాయని నా ఊహ. ఎనర్జీ హాల్‌లో బోల్టన్, వాట్ కంపెనీ 1788లో కట్టిన ఆవిరి యంత్రం ఉంది. బర్మింగ్‌హామ్‌లో బోల్టన్ కార్ఖానాలో లోహపు సామాన్లకు మెరుగు పెట్టే 43 యంత్రాలను డెబ్బై ఏళ్ల పాటు తిప్పిన యంత్రమిది. దాని ముందు వాణ్ణి అరగంట కూర్చోబెట్టండి. పిస్టన్ పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. కార్ఖానాలో చక్రం గుండ్రంగా తిరగాలి. మరి ఎలా? మామూలుగా అయితే క్రాంకు పెడితే చాలు, సైకిల్ తొక్కడంలో మన కాలు చేసే పని అదే. కాని ఆవిరి యంత్రానికి క్రాంకు వాడే పద్ధతి మీద అప్పటికే ఇంకొకరికి పేటెంటు ఉంది. వాళ్లకు డబ్బు కట్టడం ఇష్టం లేని వాట్ కంపెనీ వేరే దారి వెతికింది: పెద్ద దూలం చివర నుంచి దిగిన కడ్డీకి ఒక పళ్లచక్రాన్ని కదలకుండా బిగించి, అది ఇరుసు మీదున్న ఇంకొక పళ్లచక్రం చుట్టూ తిరిగేటట్టు అమర్చారు. సూర్యుడి చుట్టూ గ్రహం తిరిగినట్టు ఉంటుంది కాబట్టి దానికి ఆ పేరే పెట్టారు. విచిత్రమేమిటంటే, గ్రహం ఒక్క చుట్టు తిరిగేసరికి ఇరుసు రెండు చుట్లు తిరుగుతుంది. ఎందుకో కనుక్కోమని మీ అబ్బాయికి చెప్పండి. రెండు రూపాయి బిళ్లలు పక్కపక్కన పెట్టి, ఒకటి కదలకుండా పట్టుకుని రెండవదాన్ని దాని చుట్టూ దొర్లించి చూస్తే కొంత అర్థమవుతుంది.

అదే యంత్రం మీద రెండు ఇనుప గుండ్లు వేలాడుతూ కనిపిస్తాయి. యంత్రం వేగం పెరిగితే గుండ్లు విసురుకు పైకి లేస్తాయి, లేచినప్పుడు ఆవిరి వచ్చే దారి మూసుకుంటుంది, వేగం తగ్గితే దిగుతాయి, దారి తెరుచుకుంటుంది. మనిషి ఎవరూ కాపలా ఉండకుండా యంత్రం తన వేగాన్ని తానే సరిదిద్దుకునే ఏర్పాటు ఇది, దీనినే గవర్నర్ అంటారు. మీకు సైన్సు తెలియదన్నారు గదా. ఇప్పుడు నేను చెప్పిందంతా కంటితో చూసి చెప్పగలిగినదే, ఇందులో ఒక్క సూత్రం లేదు.

ఆ మ్యూజియంలో నాకు ఇష్టమైనది ఇంగ్లిషు గణితవేత్త చార్లెస్ బ్యాబేజ్ రెండవ డిఫరెన్స్ ఇంజను. 1840ల చివర్లో ఆయన కాగితం మీద గీసిన లెక్కల యంత్రం అది, ఆయన బతికుండగా ఎవరూ కట్టలేదు. ఆ కాలపు పనితనంతో అంత కచ్చితమైన భాగాలు చేయడం అసాధ్యమని చాలామంది నమ్మారు. ఆయన పుట్టిన రెండు వందల ఏళ్లకు, 1991లో, మ్యూజియం వాళ్లు ఆ కాగితాలనే చూసి, ఆనాటి పనితనానికి సాధ్యమైన కచ్చితత్వాన్ని దాటకుండా కట్టి చూపించారు. పనిచేసింది. కొన్ని వేల కంచు, ఇనుము, ఉక్కు భాగాలు. వెనుక నుంచి చూస్తే అంకెల చక్రాల నిలువు వరసలు మురుకులు పేర్చినట్టుంటాయి. బ్యాబేజ్ మెదడులో సగం కూడా సీసాలో పెట్టి అదే మ్యూజియం దగ్గర ఉంచారు. పిల్లలు దీనినే ఎక్కువకాలం గుర్తుంచుకుంటారు, ఏం చేస్తాం.

అపోలో 10 వ్యోమనౌకను కూడా వదలకండి. 1969 మేలో ముగ్గురు మనుషులను చంద్రుడి చుట్టూ తిప్పి తెచ్చిన అసలైన నౌక అది. చంద్రుడి మీద దిగకుండా, దిగడానికి ముందు చేయవలసినదంతా చేసి చూసి తిరిగివచ్చారు. తిరుగు దారిలో దాని వేగం గంటకు 39,897 కిలోమీటర్లు. ఫోటోల్లో చూసి పెద్దదనుకుంటాము, దగ్గరికి వెళితే ముగ్గురు మనుషులు ఎనిమిది రోజులు అందులో ఎలా ఉన్నారా అనిపిస్తుంది. అడుగు వైపు వంగి చూడండి: గాలిలోకి దిగేటప్పుడు పుట్టిన వేడికి పొర మాడి, పెచ్చులు లేచి, అట్లపెనం అడుగులా ఉంటుంది. మీ అత్తగారికి యంత్రాలతో విసుగు పుడితే పై అంతస్తులో 2019లో తెరిచిన వైద్య చరిత్ర గదులున్నాయి, కూర్చోవడానికి బెంచీలూ ఉన్నాయి. ఆమెను అక్కడ వదిలి మీరిద్దరూ కిందికి రావచ్చు.

మూడవ పూట నేచురల్ హిస్టరీ మ్యూజియం. చరిత్ర మ్యూజియానికీ సైన్స్ మ్యూజియానికీ అది మధ్యస్థం కాబట్టి దానికి మీరే పెద్దగా ఉండండి. అక్కడున్న మొక్కలూ జంతువులూ రాళ్లూ మొదట బ్రిటిష్ మ్యూజియంలోవే, ఆ స్లోన్ గారి సేకరణలో భాగమే. చోటు చాలక 1881లో ఈ కొత్త భవనానికి తరలించారు. మొదటి రోజు చూసిన కథకు మూడవ రోజు ముడి పడుతుంది. లోపలికి అడుగుపెట్టగానే పై కప్పు నుంచి 25.2 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం మీ మీదికి దూకుతున్నట్టు వేలాడుతుంది. 1891లో ఐర్లండు తీరాన ఒడ్డుకు కొట్టుకువచ్చి చనిపోయిన తిమింగలమది. 2017 నుంచి ఈ హాలులో ఉన్నది. అందరూ పైకి చూస్తుంటారు. మీరు గోడలూ స్తంభాలూ కూడా చూడండి. భవనమంతా కాల్చిన మట్టి పలకలతో కట్టినది, ఆ పలకల మీద చేపలు, పక్షులు, బల్లులు. హాలు తోరణాల మీద కోతులు ఎగబాకుతుంటాయి. బయట గోడల మీద పడమర వైపు రెక్కకు బతికి ఉన్న జాతులనూ తూర్పు వైపు రెక్కకు అంతరించిన జాతులనూ మలిచారు. లోపల డైనోసార్ల గది ముందు వరస పెరిగిపోతే, ఈ బొమ్మలు లెక్కపెడుతూ గంట గడపవచ్చు, అది వృథా కాదు. ఎగ్జిబిషన్ రోడ్ వైపు ద్వారంలో పోతే అంతగా జనం ఉండరు, స్టెగోసారస్ అస్థిపంజరం ఎదురుగానే ఉంటుంది. ఆ వైపు గదుల్లోనే 1995 కోబె భూకంపంలో ఒక జపాను దుకాణం ఎలా ఊగిందో నేల ఊపి చూపిస్తారు. మోకాళ్ల నొప్పి ఉన్నవారు ఆ నేల మీదికి ఎక్కకుండా పక్కనే నిలబడి చూడడం మంచిది.

ఆ పూట అయిన తరువాత కూడా ఓపిక మిగిలితే రోడ్డు దాటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లోకి వెళ్లి టిప్పు సుల్తాను పులిబొమ్మ ప్రదర్శనలో ఉంటే అదొక్కటి చూసి రండి. కొయ్యతో చేసిన పులి ఒక తెల్లవాడి మీద పడి ఉంటుంది, కడుపులో గాలితిత్తుల వాద్యం ఉంటుంది. ఎలా వచ్చిందన్న ప్రశ్నా, ఎలా కదులుతుందన్న ప్రశ్నా రెండూ అడగదగిన వస్తువది. ఓపిక లేకపోతే వెళ్లవద్దు.

చివరగా కోహినూరు. అది ఈ మ్యూజియాలలో దేనిలోనూ లేదు. టవర్ ఆఫ్ లండన్‌లోని జ్యువెల్ హౌస్‌లో, 1937లో చేసిన రాణీ ఎలిజబెత్ (అంటే 2022లో మరణించిన రాణి తల్లిగారి) కిరీటంలో పొదిగి ఉంది. టవర్‌కు టికెట్టు కొనాలి, అది చవక కాదు. ఆ పూట విశ్రాంతి కొంత తగ్గినా ఫరవాలేదనుకుంటే శుక్రవారం ఉదయాన్ని దానికి కేటాయించుకోవచ్చు. కొల్లూరు గనుల్లో దొరికిందని మనవాళ్లు చెప్పుకునే ఆ వజ్రాన్ని 1852లో మళ్లీ సానబట్టించారు, అప్పుడు 186 క్యారట్ల నుంచి 105.6 క్యారట్లకు తగ్గింది. కిరీటాల ముందు ఫోటోలు తీయనివ్వరు. అక్కడ నేల మీద కదిలే పట్టీ ఉంటుంది, దాని మీద నిలబడితే అదే మిమ్మల్ని కిరీటాల ముందు నుంచి తీసుకుపోతుంది కాబట్టి మీ అత్తగారి మోకాళ్లకు శ్రమ ఉండదు. కాని అది ఎవరి కోసమూ ఆగదు. ఆమెకు తనివి తీరకపోతే వెనక్కి నడిచి వచ్చి మళ్లీ ఎక్కించండి.